బావను తేవడానికి విశాఖ ప్రయాణం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, ఎండలు ముదరకముందే విశాఖపట్నం బయలుదేరాను. మా చెల్లెలు సుశీల మొగుడు శంకరం అక్కడ నేవీ ఓడలో ఇంజన్ మెకానిక్. ఏదో దేశంలో ఓడ తగలబడిందని రేడియోలో విన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. అతని ఒప్పందం ఆ నెలతో తీరుతుంది. మళ్లీ సంతకం పెట్టేలోపు పట్టుకురావాలి.

"ఎట్లనన్న జేసి తీస్కరా అన్నా. మన మిల్లుల పని జేస్తడు" అంది. మహబూబాబాద్‌లో మాకు బియ్యం మిల్లుంది.

పొద్దున పాసింజర్ ఎక్కాను. గార్ల రాకముందే బావకోసం కట్టిచ్చిన సర్వపిండి సగమైంది. డోర్నకల్‌లో ఎక్కిన ఒక పెద్దమనిషి సంగతంతా విని, "మునుగుతదంటే సరే గని, నీళ్లల్ల కాలుడేంది సారూ?" అన్నాడు. నాకూ తెలియదు. బెజవాడలో బండి మారాలి. స్టేషన్ ఎదురుగా భోజనం బాగుంటుంది, గోంగూర మాత్రం కాస్త చూసుకుని కలుపుకోండి. తెల్లారేసరికి విశాఖలో దిగాను.

ఆరోజు ఓడలో పనిచేసేవాళ్ల ఇంటివాళ్లకు ఓడ చూపిస్తారు. ఇనుప నిచ్చెన దిగడానికి నా పొట్ట ఒప్పుకోలేదు, బలవంతాన దిగాను. చుట్టూ నీళ్లున్నా లోపలంతా నూనె, వేడి. ఇంజన్లు, గొట్టాలు, మనుషులు అన్నీ ఇరుకులోనే సర్దాలట.

"పాత ఓడలల్ల ఇంజన్ పక్కనే నిలవడేది బావా. ఇప్పుడు గీ అద్దాల గదిల కూసోని నడుపుతున్నం" అన్నాడు శంకరం. తిరిగే ప్రతి ఇరుసుకూ చెయ్యీ బట్టా పడకుండా ఇనుప జాలి అడ్డం ఉంది. పొగ కమ్మితే దారి తెలియాలని కళ్లకు గుడ్డ కట్టుకుని బయటపడటం నేర్చుకుంటారట. నేనూ కట్టుకుని చూశాను. నుదుటికి బొప్పి కట్టింది.

చాయ్ తాగుతూ అసలు మాట కదిపాను. ఇట్టే ఒప్పుకున్నాడు.

"సరే, వస్త. మిల్లుల నాకేం పని?"

"ఇంజన్ కాడ."

"బెల్టుకు జాలి వెట్టించినవా?"

చాయ్ గ్లాసు కింద పెట్టాను. మొన్న పంటకు మా మిల్లులో ఇంజన్ దగ్గర పనిచేసే మల్లయ్య ధోతి బెల్టులో పడింది. బట్ట చిరిగి బతికాడు. ఆ సీజనంతా అది చెప్పుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేసింది. మళ్లీ సంతకం పెట్టమని నేనే చెప్పాను.

తిరుగు రైలులో ఒంటరిగా వచ్చాను. స్టేషన్‌లో సుశీల నా వెనక చూసి, "ఏడి?" అంది.

"ఓడలనే పదిలం చెల్లె. మన బెల్టు కాడ ఆయన్ని ఎట్ల నిలవెడ్త?"

కళ్లు తుడుచుకుని అడిగింది: "మరి మల్లయ్యకు పెండ్లాం లేదా అన్నా?"

నేను ఇంటికి పోలేదు. నేరుగా మిల్లుకు పోయి ఇంజన్ ఆపించాను.