అవ్వ ఊదిన ఎర్రనీళ్ళు

నా చిన్నప్పుడు, పంతొమ్మిది వందల డెబ్బైల్లో, మా అవ్వకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి నాలుగు మాటలాడితే ఆయాసం వచ్చేది. ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చోలేని మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? పుంగనూరు నుంచి బస్సులో మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బడి ఎగ్గొట్టానని నాకు లోలోపల సంతోషమే కానీ, మా అమ్మ ముఖం చూస్తే భయమేసేది.

ఆ వార్డు డాక్టరమ్మ సూదిమందులతో పాటు కొత్త వైద్యం ఒకటి పరీక్షిస్తోంది. రెండు గాజు సీసాలు, వాటికి రబ్బరు గొట్టాలు. ఒకదాంట్లోని ఎర్రరంగు నీళ్ళను నోటితో ఊది రెండోదాంట్లోకి పంపాలి. అలా ఊదితే ఊపిరితిత్తులు విచ్చుకుని కఫం కదులుతుందని ఆమె ఆశ. "నయమైపోతాదా?" అని అమ్మ అడిగింది.

"తెలీదమ్మా. తెలుసుకునేదానికే చేస్తాండాం. ఇష్టం లేకుంటే వద్దనండి, సూదిమందు ఆపం" అంది డాక్టరమ్మ.

అవ్వ వద్దనే అంది. కారణం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎంత మరగబెట్టినా ఆ గొట్టం ఎవరో నోరు పెట్టిందే కదా! "ఊపిరి పోతే పోనీ, ఊర్లోవాళ్ళ ఎంగిలి నాకు యాల?" అని మొండికేసింది. అమ్మ ఏడ్చింది, నాన్న కోప్పడ్డాడు. రాత్రంతా ఎగశ్వాసతో అల్లాడినా అవ్వ పట్టు వదల్లేదు.

డాక్టరమ్మ మాత్రం కసురుకోలేదు. మంచం పక్కన కూర్చుని, ఇంట్లో పొయ్యి దేంతో ఊదుతావని అడిగింది.

"నా ఊదుగొట్టం ఉండాది. కోడల్ని గూడా ముట్టనీను" అంది అవ్వ.

మరునాడు నాన్న ఊరికి పోయి దాన్ని తెచ్చాడు. డాక్టరమ్మ మసి కడిగించి, మరగబెట్టించి, రబ్బరు గొట్టానికి తగిలించింది. అవ్వ ఊదింది, దగ్గింది, మళ్ళీ ఊదింది. ఎర్రనీళ్ళు బుడబుడమంటూ కదిలేసరికి వార్డంతా నవ్వులే.

కొన్నాళ్ళకు అవ్వ నోటికి మళ్ళీ అడ్డూ ఆపూ లేకుండా పోయింది. "నేను ఊదినందుకే గదా బతికినాను, ఒప్పుకో డాక్టరమ్మా" అని పట్టుకుంది.

"బాగయినావు, అది సంతోషం. ఊదినందుకో సూదిమందుకో ఇప్పుడే చెప్పలేనవ్వా. ఇంకా శానామందిని సూడాల" అంది ఆమె.

"అంత ఊదితే తెలీదంటాదే!" అని అవ్వ బస్సులో పుంగనూరుదాకా సణుగుతూనే ఉంది. కానీ ఆ తర్వాత వీధిలో ఎవరికి దగ్గు ముదిరినా ఆ డాక్టరమ్మ దగ్గరికే తరిమేది.

ఇప్పుడు నాది అవ్వ వయసు. మనవలు అడిగినదానికి జవాబు రాకపోతే, "తెలీదప్పా, కనుక్కుందాం పట్టు" అంటాను. నామోషీ అనిపించదు. అలా చెప్పిన మనిషి చేతుల్లోనే మా అవ్వ ఊపిరి మాకు దక్కింది.