పడుగూ పేకా, మధ్యలో చిప్పు

పరువు గంగలో కలవడం మీరు వినే ఉంటారు. మా పరువు తాపీ నదిలో కలిసింది. కలిపిన ఘనుణ్ణి నేనే.

అప్పుడు నేను డిప్లొమా ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మా నాన్న, అదే మా బాపు, ఆ తాపీ ఒడ్డు ఊళ్లోనే లింబాయత్ పేటలో ఓ సేటు కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. పోగెక్కడ తెగిందోనని ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి ఉరికి ఉరికి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. చూడలేక, పోగు తెగగానే ఎర్రదీపం వెలిగే పరికరం చేసిస్తానన్నాను. ముందు కంప్యూటర్‌లో సర్క్యూట్ బొమ్మ గీసి నడిపి చూపిస్తే, అసలుది మగ్గానికి పెట్టనిస్తానని సేటు ఒప్పుకున్నాడు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు.

ఆదివారం పొద్దున కార్ఖానాలో లాప్‌టాప్ తెరిచాను. సిమ్యులేషన్‌లో, అంటే ఆ బొమ్మని నడిపి చూస్తే, మైక్రోకంట్రోలర్ చిప్పు పిన్ను దగ్గర ఎర్ర గుర్తు వస్తోంది, అంటే కరెంటు బయటికొస్తున్నట్టే. దీపం మాత్రం అత్తారింట్లో అలిగిన అల్లుడిలా ఉలకదు, పలకదు.

“పిన్ను మార్చు యార్,” అన్నాడు నా క్లాస్‌మేట్ రాజు.

“మార్చిన.”

“ప్రోగ్రాం మళ్ల ఎక్కించు.”

“ఎక్కించిన రా!”

“గట్లయితే చిప్పే ఖరాబ్.”

తెర మీద గీసిన చిప్పు ఎలా ఖరాబవుతుందండీ? అయినా ఆ మాట నాకు తెగ నచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. గీయలేక చిప్పు చెడిందన్నాను నేను. దాన్ని తీసేసి ఇంకోటి పెట్టాను. ఊహూఁ! ఇంతలో సేటు రానే వచ్చాడు. పక్కనే బాపు, పండక్కి దాచుకున్న చొక్కాలో.

“చాలూ కరో, భాయ్,” అన్నాడు సేటు.

మీట నొక్కాను. చీకటి. సేటు గడియారం చూసుకున్నాడు. బాపు నన్ను చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను, కోపం మాత్రం దీపం మీదికి మళ్లింది. మౌసుతో దాన్ని పట్టుకుని ఓ మూలకి ఈడ్చాను. దాని తీగ దానితో వచ్చేసింది. పిన్ను తీగ అక్కడే ఉండిపోయింది.

రాజు తల పట్టుకున్నాడు. “అరె పాగల్, రెండు తీగలు అతికించనే లేదేంది? అడ్డంగ ఒకటి, నిలువుగ ఒకటి గీసి ఇడిసిపెట్టినవ్! కలిసిన కాడ చుక్క ఉండాలె.”

“ఒకదాన్నొకటి దాటినయి గదా, ఇంకేం కావాలె?”

నేతగాళ్లింట్లో పుట్టినవాణ్ణి. నిలువు పోగు పడుగు మీదుగా అడ్డపోగు పేక దాటిందంటే పట్టు దొరికినట్టే నాకు. ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్‌లో మాత్రం దాటిన తీగలు పరాయివాళ్లు, చుక్క పెడితేనే చుట్టాలు!

చుక్క పెట్టాను. దీపం భగ్గుమంది. సేటు నవ్వేశాడు. “మల్లేశం భాయ్, ముందు నీ మగ్గానికే పెడదాం,” అన్నాడు బాపుతో హిందీలో.

బాపు నవ్వలేదు. తెరను ఎగాదిగా చూసి, తనకొచ్చిన హిందీ, తెలుగు కలిపి తీర్పు చెప్పాడు. “మా పోరని తప్పేం లేదు, సేట్. అడ్డం, నిలువు దాటినంక గూడ ముడి అడుగుతున్నదంటే, గీ కంప్యూటర్ చేసినోనికి నేత రాదు. ముందుగాల పక్కోని మగ్గానికి పెట్టుండ్రి.”

పెట్టారు. పక్క మగ్గాల యాదగిరి ఇప్పుడు స్టూలు మీద దర్జాగా కూర్చుని చాయ్ తాగుతున్నాడు. బాపు ఇంకా ఉరుకుతూనే ఉన్నాడు.

అందుకే మగ్గం ముట్టుకుని ఒట్టేశాను: ప్రాణం పోయినా చుక్క పెట్టకుండా తీగ దాటించను, చుక్క పెట్టినప్పుడల్లా ఆ సంగతి మాత్రం చచ్చినా బాపుకి చెప్పను.