తాపీలో పడిన డ్రోన్

ఆ పొద్దున డ్రోన్ తాపీ నదిలో పడినప్పుడు నేను మా ఆయన పక్కనే ఉన్నాను. పెళ్లి కుదిరిన జంట ఒకటి ఒడ్డున చేతులు పట్టుకుని నడుస్తుంటే, ఆయన దాంతో పైనుంచి వీడియో తీస్తున్నాడు. ఉన్నట్టుండి అది గిరగిరా తిరిగి బుడుంగున మునిగింది.

"ఏం నొక్కినవ్?" అన్నాను, ఆ జంట ముందే.

"నేనేం నొక్కలే. దానంతట అదే తిరిగింది."

"దానంతట అదెట్ల తిరుగుతది? ఏటో చూసుకుంట ఏదో నొక్కినవ్."

నా నోటికి హద్దు లేదు. మా వాళ్లు సాంచలని పిలిచే మరమగ్గాల మీద ఆయన పదిహేనేళ్లు పనిచేసి, మొన్నమొన్ననే కెమెరా పట్టిన మనిషి. తన చేతి మీద తనకే ఇంకా నమ్మకం కుదరలేదు. అది తెలిసే అన్నాను.

మేముండే కోసాడ్ పేటలో ఇంటికొచ్చాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "నాతోని గాదు. రేపటికెళ్లి మళ్ల సాంచలే నడుపుకుంట," అన్నాడు.

జాలేసింది. కానీ అంతకంటే ఎక్కువగా ఒక ప్రశ్న బుర్ర తొలిచింది. నాలుగు మోటార్లూ ఆగితే రాయిలా పడాలి కదా, మరి ఎందుకు తిరిగింది? అంటే ఒక్కటే ఆగిందా? కార్ఖానాలో బాబిన్లకు దారం చుట్టేదాన్ని, మిషను ఎందుకాగిందో చూడనిదే నాకు అన్నం సయించదు.

సముద్రం దగ్గరే కాబట్టి అక్కడ నది రోజూ పొంగి మళ్లీ తగ్గుతుంది. మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్లాను. నీళ్లు వెనక్కి పోయి బురద తేలింది. చేపలు పట్టే ముసలాయన ఏం వెతుకుతున్నావని గుజరాతీలో అడిగితే, విమానమన్నాను. ఆయన నవ్వలేదు. ఎటు పడిందని అడిగి, తన వెదురు గడ ఇచ్చాడు. చీర ఎగ్గట్టి మోకాళ్ల లోతు బురదలో పొడుస్తూ పోతే, గంటకు దొరికింది.

ఇంట్లో కడిగి చూశాను. మూడు రెక్కలు వేలితో తిప్పితే తిరిగాయి. నాలుగోది కదల్లేదు. సూదితో దాని కింద గీకితే చిలకపచ్చ దారం బయటపడింది, బాబిన్‌కి చుట్టినంత నీటుగా. భలే అనుకున్నాను. ఇదెలా వచ్చిందబ్బా అని కాసేపు సంబరంగా ఆలోచించాను కూడా.

అప్పుడు గుర్తొచ్చింది. కార్ఖానాలో మిషన్లను మిగిలిన దారాల ముద్దతోనే తుడుస్తాం. ముందురోజు డ్రోన్‌నూ దాంతోనే మెరిసేలా తుడిచాను. మెత్తటి గుడ్డతో తుడవమని ఆయన చెప్పాడు. నేను వింటానా?

సన్నటి దారం. కిటికీలోంచి ఊదేస్తే ఎవరికీ తెలియదు. ఊదేద్దామనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు? అవతలి గదిలో ఆయన పాత సేఠ్‌కి ఫోన్ చేసి, రేపు పనిలోకి వస్తానని చెబుతున్నాడు.

వెళ్లి ఫోన్ లాక్కుని కట్ చేశాను. దారం ఆయన అరచేతిలో పెట్టాను. "తప్పు నీ చెయ్యిది గాదు. నాది. దారాల ముద్దతోని నేనే తుడిచిన," అన్నాను.

"నిజంగనా?" అన్నాడు.

నిజమే అన్నాను. మళ్లీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు. తన తప్పు కాదని నమ్మడానికి ఆయనకు అన్నిసార్లు వినాల్సి వచ్చింది. తప్పు తనదేనని పొద్దున నేను ఒక్కసారి అంటేనే నమ్మేశాడు.