పిలిస్తే రాని లాన్సీ

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు లారీ మమ్మల్ని హైదరాబాదు శివారున కంచన్‌బాగ్ రాళ్ళ మధ్య దింపింది. ఎనిమిది మందిమి. తలా ఒక రైఫిల్, రెండు కంబళ్ళు, ఒక మగ్గు, ఒక నీళ్ళ సీసా. నాతో శిక్షణ పొందినవాళ్ళు మంచుకొండలకూ ఎడారికీ వెళ్ళారు. నన్ను మాత్రం జహనుమాలోని మా ఇంటికి నాలుగు మైళ్ళ దూరంలో మోహరించారు. గాలి పడమటి నుంచి వీస్తే మా అమ్మ వేసే పోపు వాసన పోస్టు దాకా వచ్చేదని ఇప్పటికీ వాదిస్తాను.

డెబ్బైల మొదట్లో మాట. అప్పట్లో సంతోష్‌నగర్ దాటితే ఊరు అయిపోయేది. మిగిలినదంతా బండరాయి. మేము కాపలా కాయవలసింది ఒక గోదాము. లోపల ఏముందో మాకు చెప్పలేదు. ఏమున్నా, ఆ ఎండలో వచ్చి ఎత్తుకుపోయేంత ఓపిక ఏ శత్రువుకూ ఉండదు. పదకొండింటికి రైఫిల్ గొట్టం మీద రొట్టె కాల్చుకోవచ్చు. మా వంటవాడు కాల్చాడు కూడా. సరే, కాల్చలేదు, కాలుస్తానని పందెం కాశాడు.

కంచె అవతల రోడ్డు కోసం బండలు పేల్చేవారు. పదకొండున్నరకు ఎర్ర జెండా, మూడు ఈలలు. పన్నెండింటికి పేలుడు. ఆ అరగంటలో ప్రాణమున్నవన్నీ కంచె లోపలికి రావాలి. రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు, పాలు పోయడానికి వచ్చే యాదయ్య, అతని సైకిలు, అందరూ.

మూడో రోజు కుక్క వచ్చింది. గోధుమ రంగు ఆడకుక్క, ఒక చెవి తెల్లన. ఎనిమిది మంది సిపాయిల కంచాలూ నాకి, మమ్మల్ని స్వాధీనం చేసుకుంది. టెలిఫోన్ ఆపరేటర్ దానికి లాన్స్ నాయక్ హోదా ఇచ్చాడు. లాన్సీ అని పిలిచేవాళ్ళం. నేను ఉత్త సిపాయిని. అంటే అది నా పై అధికారి.

మా ఎనిమిది మందికీ పెద్ద హవల్దార్. నన్ను పిలిచాడు.

"కుక్కను ఉంచుకుంటరా? ఉంచుకోండ్రి. గాని, జెండా లేచేసరికి అది కంచె లోపలుండాలె. జిమ్మేదారి నీది."

"జీ సాబ్."

"బయట కనబడ్డదనుకో, రాయి పడి సస్తది. గా పాపం నాకొద్దు. ఊరవతల ఇడిసిపెట్టి రా."

లాన్సీ పొద్దున పూట రాళ్ళు కొట్టే ఆడవాళ్ళ దగ్గర, పెద్ద బండ నీడలో గడిపేది. వాళ్ళు రొట్టె ముక్కలు వేసేవాళ్ళు. జెండా లేవగానే నేను గేటు దగ్గర నిలబడి "లాన్సీ!" అని పిలిచేవాణ్ణి. రెండు వందల గజాలు. నలభై సెకన్లలో నా బూట్ల మీద ఉండేది. మొదటి రెండు వారాలు నా అంత గొప్ప కుక్కల శిక్షకుడు హైదరాబాదులోనే లేడని నాకు గట్టి నమ్మకం.

పదిహేనో రోజు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మూతికి రొట్టె పిండి.

సైన్యంలో వరసలోకి ఆలస్యంగా వచ్చినవాడికి శిక్ష ఉంటుంది. రైఫిల్ నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తాలి. నేను పరుగెత్తిన దూరం కలిపితే ఈపాటికి ఢిల్లీ వచ్చేది. దానివల్లే బాగుపడ్డానని నమ్మేవాణ్ణి. లాన్సీనీ బాగుచేద్దామనుకున్నాను. తోక ఊపుతూ వచ్చినదాన్ని మెడ పట్టుకుని, బెల్టుతో రెండు వేసి, అరగంట గొలుసుతో గుంజకు కట్టేశాను.

మర్నాడు ఏడు నిమిషాలు. మూడు దెబ్బలు, గంటసేపు గుంజ. ఆ మర్నాడు పదకొండు నిమిషాలు. పొట్ట నేలకు రాసుకుంటూ వచ్చింది. సిగ్గుపడుతోందనుకున్నాను. క్రమశిక్షణ తలకెక్కుతోందని ఆపరేటర్‌తో అన్నాను.

యాదయ్య పాల క్యాను దించి చూస్తున్నాడు. జహనుమాలో మా గల్లీవాడే. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నాలుగు బర్రెల మనిషి.

"ఏంది తమ్మీ, దాన్నెందుకు కొడ్తున్నవ్?"

"పిలిస్తే రాలే అన్నా."

"వచ్చింది గద?"

"ఆలస్యంగ వచ్చింది."

"గడియారం పెట్టుకుందా అది?"

ఆపరేటర్ పగలబడి నవ్వాడు. నాకు కోపం వచ్చింది.

"నీకు తెల్వదన్నా. ఫౌజుల గిట్లనే ఉంటది. తప్పు చేస్తే సజా."

"అరే, అది ఆఖర్న చేసిన పని ఏంది? నీ తాన్కి వచ్చుడు. దెబ్బ దేనికి పడ్డది? వచ్చినందుకే పడ్డదనుకుంటది. ఆడోళ్ళ ఎనక మంచిగ వస్తుండె, నీ గొంతు ఇనంగనే ఆగింది. నేను జూసిన."

"మరి ఏం జెయ్యాలె?"

"నాలుగు దినాలు పిల్వకు. వచ్చినప్పుడు ఇంత రొట్టె వెయ్యి. ఆలస్యమైనా వెయ్యి."

"తప్పు చేసినోనికి రొట్టెనా? నువ్వు బర్రెలు కాసుకో అన్నా."

"బర్రెను పిలిచి కొడితె పాలు గూడ ఇయ్యదు," అని క్యాను ఎత్తుకున్నాడు.

అంత తేలిక మాట. ఇరవై రెండేళ్ళ వయసులో, ఇస్త్రీ బట్టల్లో ఉన్నవాడికి అది ఎక్కలేదు. పైగా పాలు పోసేవాడు చెప్పాడు.

ఆ శనివారం లాన్సీ పదహారు నిమిషాలు ఆలస్యం. హవల్దార్ చూశాడు. "సోమవారం దాక మౌకా ఇస్తున్న. అటెన్క ఇడిసిపెట్టుడే," అన్నాడు. భయంతో ఆదివారం ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ వేశాను. దాన్ని మాతోనే ఉంచుకోవాలనే వేశాను.

సోమవారం. ఆకాశం తెల్లగా ఉంది. గాలి లేదు. పదకొండున్నరకు జెండా లేచింది. ఆడవాళ్ళు లోపలికి వచ్చేశారు. లాన్సీ రాలేదు. పిలిచాను. బండ నీడలోంచి లేచి, సగం దూరం వచ్చి ఆగింది. ముందు కాలు ఒకటి పైకెత్తి నిలబడింది. పిలిచినకొద్దీ నా గొంతు పెరిగింది. నేను నాలుగడుగులు ముందుకు వేస్తే అది నాలుగడుగులు వెనక్కి వేసింది. అలా పది, పదిహేను నిమిషాలు. లెక్క తప్పింది.

గోదాము దగ్గర ఫోను మోగింది. ఆపరేటర్ అరిచాడు.

"సాబ్, వత్తి అంటిస్తున్నరట! అందరు లోపలున్నరా?"

"జర ఆగుమను!" అన్నాడు హవల్దార్.

"అంటిచ్చేసిండ్రట!"

నేను గేటు దాటాను. వెనక నుంచి యాదయ్య కేక.

"పిల్వకు తమ్మీ! కింద కూసో! లేకుంటె ఎనక్కి తిరిగి ఉరుకు, అదే ఎంట వస్తది! చేతిల గొలుసు పారెయ్!"

చేతిలో గొలుసు ఉందని అప్పుడే చూసుకున్నాను. విసిరి పారేశాను. అది బండ మీద పడి ఖణేల్‌మంది. లాన్సీ తోక కాళ్ళ మధ్య పెట్టుకుని తనకు తెలిసిన నీడలోకి, ఆ పెద్ద బండ కిందికి పరుగెత్తింది. హవల్దార్ నా కాలరు పట్టుకుని లోపలికి ఈడ్చాడు.

పన్నెండింటికి రెండు నిమిషాల ముందు పేలింది.

దుమ్ము అణగకముందే వెళ్ళాను. బండకు ఇరవై గజాల ఇవతల మోకాళ్ళ మీద కూర్చున్నాను. పిలవలేదు. ఆ దుమ్ములోంచి లాన్సీ బయటికి వచ్చింది. వెనక కాళ్ళు లేవడం లేదు. ముందు కాళ్ళ మీద ఈడ్చుకుంటూ, ఎక్కడా ఆగకుండా, నేరుగా నా దగ్గరకు వచ్చింది. పది నిమిషాలు బతికింది. ఆడవాళ్ళు తమ గడ్డపారతోనే గుంత తవ్వారు. యాదయ్య మట్టి కప్పి, క్యాను ఎత్తుకుని వెళ్ళాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆరు నెలలకు బదిలీ కాగితం వచ్చింది. మధ్యలో పది రోజులు సెలవు. ట్రంకు యాదయ్య సైకిలు వెనక కట్టుకుని, నడుస్తూ జహనుమా చేరాను. గల్లీ అంతా చుట్టూ మూగింది. దుష్మన్లను చూశావా అని అడిగారు. చూశానన్నాను. బండల్లో చిరుతపులి వచ్చిందని, పన్నెండడుగులుందని, దానితో కళ్ళలో కళ్ళు పెట్టి గంటసేపు నిలబడ్డానని చెప్పాను. మా బాపు పదిమందికి మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. ప్రతిసారీ పులికి ఒక అడుగు పెరిగింది. యాదయ్య గోడకానుకుని చివరిదాకా విన్నాడు.

తరువాత చాలా చోట్ల పనిచేశాను. మంచూ చూశాను, ఇసుకా చూశాను. అడిగితే ఇప్పటికీ బోలెడు చెబుతాను. చెప్పనిది లాన్సీ బతికిన ఆ పది నిమిషాల్లో మొదటి నిమిషం. లాన్సీ నా మోకాలి దాకా ఈడ్చుకొచ్చి ఆగింది. తల నిమురుదామని చెయ్యి ఎత్తాను. అది చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, దెబ్బ కోసం తల వంచింది.