గోధుమ తొందరగా పండిన చేను

చీట్ల డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు పెయ్ లాన్‌జీ ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. వేళ్ళకంటిన పెసరపిండి డబ్బాలో రాలుతుందేమోనని మాత్రం అనుకుంది. ఆమె తీసిన చీటీ విప్పి, ఊరి కమిటీ పెద్ద లౌ దెషెంగ్ గట్టిగా చదివాడు.

"ఒకటో నంబరు కొట్టు. లాన్‌జీ వదినది."

హాల్లో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. ఆరు కొట్లకు నలభయ్యొక్క కుటుంబాలు పేర్లిచ్చాయి. వచ్చే ఏప్రిల్‌లో, లోయాంగ్‌లో పియోనీ పూలు పూసి జనం విరగబడే రోజుల్లో, పాత రాజధాని శిథిలాల పార్కు తెరుస్తారు. ఊరివాళ్ళ కొట్లు దక్షిణ గేటు పక్కన. గేటు దాటగానే కనిపించేది ఒకటో నంబరే. పైకప్పు, కుళాయి, వాడిన నీళ్ళు పోయే డ్రైనేజీ.

లాన్‌జీకి యాభై తొమ్మిదేళ్ళు. పన్నెండేళ్ళుగా పొద్దున పూట ఆ పాత రాజధాని తవ్వకాల్లో కూలి. మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో మట్టి గీకే పని. మధ్యాహ్నం కాగానే మొగుడు షువాన్‌చెంగ్ మూడు చక్రాల బండి తోసుకొచ్చేవాడు. ఆమె చేతి తొడుగులు విప్పి, అదే కూలీలకు పుల్ల నూడుల్స్ వడ్డించేది. పెసల తరవాణిలో ఉడికించి, సెలరీ, వేరుశనగ గుళ్ళు వేసిన నూడుల్స్. వాన వస్తే కుండలో పడేది. పెద్ద రోడ్డు మీదికి పోతే ఇన్‌స్పెక్టర్లు తరిమేవాళ్ళు. గిన్నెలు కడగడానికి నీళ్ళు ఇంటి నుంచి మోసుకురావాలి. ఆ బతుకు బతికిన మనిషికి కుళాయి ఉన్న కొట్టు దొరికింది. ఆ సాయంత్రం వీధిలో ఎవరు పలకరించినా ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

మర్నాడు కొట్లకు ముగ్గు పోశారని తెలిసి చూడ్డానికి వెళ్ళింది. ఐదేళ్ళ కిందట ఆ నేలంతా చేలు. ప్రభుత్వం తీసుకుని పచ్చిక పరిచింది. గట్లు పోయినా కరెంటు స్తంభం ఉంది, పూడ్చిన బావి మీద సిమెంటు పలక ఉంది. స్తంభం నుంచి పలక వైపు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒకటో నంబరు ముగ్గు మధ్యలో ఆగింది. ముఖంలో నవ్వు పోయింది.

అది వాళ్ళ పాత చేను. ఆ చేనులోనూ సరిగ్గా చచ్చు పట్టీ.

నాలుగైదు అడుగుల వెడల్పున ఆ పట్టీలో గోధుమ ఎప్పుడూ మోకాలు దాటేది కాదు. వానలు బాగా పడిన ఏడు తేడా తెలిసేది కాదు గానీ, ఎండ ముదిరిన ఏడు మాత్రం చుట్టూ చేనంతా పచ్చగా ఉండగానే అది పసుపెక్కేది, కడుపు మీద ఆపరేషన్ మచ్చలా. పక్క పంట కంటే వారం ముందే కొడవలి పెట్టాల్సి వచ్చేది. అత్తగారు బతికినన్నాళ్ళూ దానికి ఒకటే కారణం చెప్పింది: కోడలు కలుపు తీయదు. తవ్వకాల్లో చేరిన రెండో ఏడు లాన్‌జీకి అసలు సంగతి తెలిసింది. దిమ్మిసతో కొట్టి కొట్టి గట్టిపరిచిన పాత గోడ మట్టిలోకి వేళ్ళు దిగవు, నీళ్ళు ఇంకవు. పరుగున ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది.

"గోడట, గోడ," అంది ముసలావిడ. "నీ ఒళ్ళు వంగకపోవడాన్ని తీసుకెళ్ళి రాజుల గోడ మీద పెట్టావా?"

ఆ తర్వాత లాన్‌జీ ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. చచ్చు చేను మాట ఎత్తే అలవాటు ఊళ్ళో ఎవరికీ లేదు. ఇరవయ్యేళ్ళ కిందట సర్వేవాళ్ళు కాగితాలు పట్టుకొచ్చి, ఎక్కడైనా పంట సరిగా రాదా అని ఇల్లిల్లూ అడిగారు. మాది బ్రహ్మాండం అన్నారు అందరూ. చేను చచ్చుదంటే ఇంటి ఆడదాని పరువు పోతుంది, మగపిల్లాడికి సంబంధం రాదు. లాన్‌జీ కూడా బ్రహ్మాండం అనే చెప్పింది. చెప్పి, ఆ పట్టీకి రెట్టింపు పేడ మోసింది.

ఆ రాత్రి అన్నం దగ్గర మొగుడితో అంది.

"ఏమయ్యా, ఒకటో నంబరు మన చచ్చు చేనులో పడింది."

"పడితే ఏం? గోధుమ వేస్తావా ఏం? వండేది నూడుల్స్. నూడుల్స్‌కి వేళ్ళుండవుగా."

"డ్రైనేజీకి నిలువెత్తు కాలవ తీస్తారంట. వచ్చే సోమవారం పొక్లెయిన్ వస్తోంది."

షువాన్‌చెంగ్ గిన్నె కింద పెట్టాడు. "చూడు, పెదవి దాటితే పృథివి దాటుతుంది. నీకు కుళాయి కావాలా, గోడ కావాలా?"

"కుళాయే కావాలి."

"మరింక నోరు మూసుకుని తిను."

రెండు రోజులు నోరు మూసుకుంది. మూడో రోజు గురువారం. తవ్వకంలో ఆమెకు చేటంత దిమ్మిస మట్టి ముక్క అప్పజెప్పారు. పాతకాలం కూలీ దిమ్మిస వేసినచోట పడ్డ గుండ్రని గుంటలు, ఒక్కొక్కటి టీ గిన్నె అడుగంత, చెదరకుండా తేల్చాలి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గీకితే జానెడు మేర తేలింది. నడుము పట్టుకుని లేచి ఆ జానెడు వంక చూసుకుంది. పొక్లెయిన్ పన్ను ఒక్కసారి దిగితే ఇలాంటి జానెళ్ళు ఎన్ని పోతాయో లెక్క కట్టబోయి మానేసింది. ఆమెకు కలిగింది దుఃఖం కాదు, ఒళ్ళుమంట. పన్నెండేళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్నది ఇందుకా అని.

తవ్వకాల పెద్ద షెన్ రూయీకి ముప్పయ్యారేళ్ళు. దక్షిణాది మనిషి, చరిత్రలో డాక్టరేట్ చేసింది. ఈ ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా కారం అలవాటు కాలేదు. మధ్యాహ్నం ఆమె గిన్నెలో నూడుల్స్ వేస్తూ లాన్‌జీ అడిగింది.

"డాక్టరమ్మా, దక్షిణ గేటు కొట్ల దగ్గర అడుగు మట్టి పైకి తీసే మీ పొడుగు పార దించి చూశారా?"

"చూశామత్తా. పది మీటర్లకొక రంధ్రం. ఉత్త పొలం మట్టే వచ్చింది."

"రంధ్రానికీ రంధ్రానికీ మధ్య నాలుగడుగుల గోడ జారిపోతే?"

షెన్ రూయీ నూడుల్స్ అందుకోబోయి ఆగిపోయింది. పాత రాజధాని లోపలి ప్రహరీకి దక్షిణపు గోడ కోసం ఆమె మూడేళ్ళుగా వెతుకుతోంది. లాన్‌జీ తన చేను సంగతి చెప్పింది, అత్తగారి మాటలు తప్ప మిగతాదంతా.

"ఒక్క చేను మాట మీద సోమవారం పని ఆపమంటే పైవాళ్ళు నవ్వుతారత్తా. అది పాత బాట కావచ్చు, ఇటుక బట్టీ కావచ్చు. అటూ ఇటూ అదే వరసలో ఇంకో నాలుగు చేలు అలాగే ఉంటే చెప్పు. మళ్ళీ పార దించడానికి నేను అనుమతి తెస్తాను." ఆమె నూడుల్స్ గిన్నె అందుకుంది. "ఒకటో నంబరు నీకే కదా వచ్చింది?"

"నాకే."

"గోడ ఉందంటే నీ కొట్టొక్కటే కాదు, ఆరూ పోతాయి."

"నాకూ తెలుసులే. తిను, చల్లారిపోతోంది."

ఆ సాయంత్రమే లాన్‌జీ తూర్పు గట్టు పొరుగు ఫాన్ గెన్‌యూ ఇంటికి వెళ్ళింది. అరవయ్యారేళ్ళ మనిషి, నూనెరొట్టెలు వేస్తాడు, నాలుగో నంబరు కొట్టు అతనికే వచ్చింది. మీ గోధుమ స్తంభం దగ్గర పొట్టిగా ఉండేది కదా అన్నా అని మెత్తగా అడిగింది.

"పొట్టిగానా? మా చేనులోనా?" గెన్‌యూ మూకుడు తోముతున్న చెయ్యి ఆపలేదు. "మా గోధుమలో గాడిద నిలబడితే చెవులు కూడా కనబడేవి కావు. పొట్టిది మీదేమో చూసుకో."

పడమటి పొరుగింటి వితంతువు హూ బామ్మ అయితే తలుపు సగమే తెరిచింది. తమ చేనంత బలమైన చేను జిల్లాలో లేదని చెప్పి ఆ సగమూ మూసేసింది. మిగతా రెండిళ్ళూ అంతే. లాన్‌జీ ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. గుట్టు అడిగితే ఎవరిస్తారు? గొప్ప అడగాలి.

శనివారం పొద్దున కమిటీ గోడ వారన ఎండలో ఊరి ముసలీ ముతకా ఎప్పట్లాగే చేరి వెల్లుల్లి వలుస్తున్నారు. లాన్‌జీ ఒక చిన్న పీట తెచ్చుకుని మధ్యలో కూర్చుంది.

"ఏమన్నా అనండి," అంది, ఎవరూ అడక్కుండానే, "చేలున్న రోజుల్లో ఊరందరికంటే ముందు కోత మొదలుపెట్టింది మా ఇల్లే."

"మీ ఇల్లా?" గెన్‌యూ వెల్లుల్లి పాయ కింద పడేశాడు. "మీరు కొడవలి నూరుకునేసరికి మేం కట్టలు కట్టేవాళ్ళం. నాలుగు రోజులు ముందు."

"నాలుగా? మా ఆయన ఆరు రోజులు ముందు కోసేవాడు," అంది హూ బామ్మ. "ఊరంతా వచ్చి చూసేది."

"చేనంతానా, బామ్మా?"

"చేనంతా ఎందుకవుతుంది? బావి పక్క ముక్క."

"ఉత్త మాటలెందుకు?" లాన్‌జీ లేచింది. "రండి, ఎవరు ఎక్కడ ముందు కోశారో వెళ్ళి నిలబడండి. తేల్చేద్దాం."

వెల్లుల్లి గంపలు వదిలి ఇరవై మంది బయల్దేరారు. పందెమన్నాక ఎండకు కూర్చునే మోకాళ్ళకు కూడా ఓపిక వస్తుంది. పచ్చిక మీద గెన్‌యూ స్తంభం నుంచి అడుగులు కొలిచి గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. హూ బామ్మ బావి పలక పక్కన కర్ర పాతింది. అవతల రెండిళ్ళ మగవాళ్ళు కాస్త వాదించుకుని చెరోచోట కుదురుకున్నారు. చివరికి లాన్‌జీ ఒకటో నంబరు ముగ్గులోకి వెళ్ళి నిలబడింది. ముందే కబురందిన షెన్ రూయీ మట్టిదిబ్బ మీద నుంచి చూస్తోంది. దారం లాగి కట్టినట్టు తూర్పు నుంచి పడమరకు ఐదుగురు మనుషులు, ఒకే గీత. ఆమె ఫోన్ తీసి ఒకదాని తర్వాత ఒకటి ఫోటోలు తీసింది.

గెన్‌యూ ముందు ఎడమకు చూశాడు, తర్వాత కుడికి, ఆ తర్వాత దిబ్బ మీదికి.

"లాన్‌జీ, నా చేత ఏం చేయించావే?"

"గోడ మీద నిలబెట్టానన్నా. నీ గోధుమ ముందు పండింది అందుకే. మా గోధుమ మోకాలెత్తు కూడా వచ్చేది కాదు. పరువు పోతుందని తెల్లారకముందే లేచి పేడ మోసేదాన్ని. అందులో సగం మీ పందుల దొడ్లోదే."

"ముప్పయ్యేళ్ళుగా మా దొడ్లో పేడ ఎత్తుకుపోయింది నువ్వా? నేను ఆ ముసలి కుక్కని అనుమానించాను."

"కుక్క పేడ ఏం చేసుకుంటుందయ్యా," అంది హూ బామ్మ. కర్ర వైపు చూస్తూ, "మాది జానెడే," అంది. "మోకాలు కూడా కాదు."

"జానెడు నయం. మా దాంట్లో పిచ్చుకలు కూడా నిలబడే మేసేవి," అన్నాడు గెన్‌యూ.

అలా ముప్పయ్యేళ్ళు దాచిన సంగతి పావుగంటలో పోటీ అయిపోయింది. నవ్వులు సద్దుమణిగాక, గోడ తేలితే కొట్లు పోతాయని లాన్‌జీ చెప్పింది. ఇక ఎవరూ నవ్వలేదు. కానీ ఇరవై మంది ముందు పాతుకుని నిలబడ్డవాళ్ళు, ఇప్పుడు ఇక్కడ కాదు, ఆ పక్కన అంటే చెల్లుతుందా?

ఆదివారం ఆ గీత మీద ఐదుచోట్ల పార దించారు. అన్నిట్లోనూ మీటరు లోతులో పొరలు పొరలుగా, రాయిలాంటి దిమ్మిస మట్టి వచ్చింది. సోమవారం పొక్లెయిన్ వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

"ఆరు కుటుంబాల నోటికాడి ముద్ద తీసేశావు వదినా," అన్నాడు లౌ దెషెంగ్. తిట్టే ఓపిక కూడా లేనట్టున్నాడు. వారం తిరిగాక అతనే ఇంకో కబురు తెచ్చాడు. కార్లు ఆపేచోటికి అవతల, కింద ఏమీ లేదని తేలిన ముక్కలో కొట్లు కడతారు. కానీ చోటు మూడింటికే. ఆరుగురిలో ఇద్దరిద్దరు కలిసి ఒక్కో కొట్టు తీసుకోవాలి. జత దొరకనివాళ్ళు తప్పుకోవాలి.

నాలుగు కుటుంబాలు రెండు రోజుల్లో జతకట్టాయి. లాన్‌జీ గుమ్మం ఎవరూ తొక్కలేదు. దుకాణంలో పలకరిస్తే తల ఊపి పక్కకు తిరిగారు. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే.

"కుళాయా గోడా అని ఆనాడే అడిగాను," అన్నాడు షువాన్‌చెంగ్.

"ఇంకా అడుగుతూనే ఉన్నావుగా," అంది. బండి చక్రానికి నూనె పెడుతోంది.

తొమ్మిదో రోజు సాయంత్రం గెన్‌యూ వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నీతో ఎవరూ కలవమన్నారంట."

"అవును."

"నాతో కూడా కలవమన్నారు. నా నూనె పొగ కళ్ళు మండిస్తుందంట. నా నోరు అంతకంటే మండిస్తుందంట." గొంతు సవరించుకున్నాడు. "పొద్దున పదకొండింటి దాకా పొయ్యి నాది. ఆపైన నీది. పేడ బాకీ మాత్రం అలాగే ఉంది, మాఫీ చెయ్యను."

"కుళాయి?"

"కుళాయి ఇద్దరిదీ."

"లోపలికి రా అన్నా, టీ పెడతాను," అంది లాన్‌జీ.

ఏప్రిల్‌లో పార్కు తెరిచారు. మొదటి రోజు పదకొండు దాటినా గెన్‌యూ మూకుడు దించలేదు.

"టైమయింది, దించు."

"ఇంకో వాయ ఉంది."

"అవతల లైను కడుతున్నారు. ఆ వాయ ఇటు పడెయ్యి." ఆమె వేడి నూనెరొట్టెలు లాక్కుని, ముక్కలు తుంచి, పుల్ల నూడుల్స్ గిన్నెల్లో వేసి ఇచ్చేసింది. తిన్నవాళ్ళు గిన్నెలు నాకారు. మర్నాడు కొత్తగా వచ్చినవాళ్ళు కూడా అలాగే ఇమ్మన్నారు. వారం గడిచేసరికి విడివిడిగా అడిగేవాళ్ళే లేకుండా పోయారు. గెన్‌యూ పదకొండు తర్వాత కూడా అక్కడే ఉండిపోయాడు. లాన్‌జీ పొమ్మనలేదు.

ఒక మధ్యాహ్నం కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన గిన్నె ఖాళీ చేసి, చాలా మర్యాదగా అడిగాడు.

"తాతగారూ, రొట్టె ముంచుకుని ఇలా తినడం ఇక్కడి పాత ఆచారమా?"

"పాతదా అంటే," గెన్‌యూ నడుం మీద చేతులు వేసుకున్నాడు, "ఆ గోడ కట్టినవాళ్ళు తిన్న తిండి ఇది. పదిహేను వందల ఏళ్ళది."

"పదకొండు రోజులది," అంది లాన్‌జీ గరిటె ముంచుతూ. "ఇంకొంచెం వెయ్యమంటారా?"