స్లైడులో సంతకానికి జాగా

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి అన్నీ వచ్చనుకునేవారు. ఆ నమ్మకం పుణ్యమా అని నా నడుముకు పట్టుకున్న నొప్పి ఇంకా వదల్లేదు. తొంభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసులో నాది తాత్కాలిక ఉద్యోగం. ఎండాకాలం నీళ్ళ మీటింగుకు హైదరాబాదు నుంచి పెద్దసారు వస్తున్నాడు. ఈసారి కాగితాలు వద్దట, తెర మీద స్లైడులు చూపించాలట. తెర మీద పేరు కనిపించిన ఊళ్ళకు అక్కడికక్కడే నీళ్ళ ట్యాంకర్లు మంజూరు చేస్తాడట. మా సూపరింటెండెంటు సాబ్ ఊళ్ళ పట్టిక నా చేతికిచ్చాడు. దగ్గరి ఊళ్ళు పైన, దూరపు ఊళ్ళు కింద రాయడం మా ఆఫీసు ఆచారం. అట్టడుగు వరసలో, అమ్రాబాద్ అవతలి మా ఊరు. అక్కడ మా అమ్మ పొలాల బావి నుంచి బిందెలు మోస్తోంది.

పట్టిక స్లైడులో పడితేగా! ఊరి పేరు పొడుగైతే గడి ఉబ్బేది, గడి ఉబ్బితే కింది వరస జారి, స్లైడు అడుగున సాబ్ పెట్టించిన తెల్ల డబ్బా వెనక దాక్కునేది. (దాక్కునేది ప్రతిసారీ మా ఊరే.) అక్షరాల సైజు తగ్గిస్తే చీమల బారు.

"రెండు స్లైడులు చేద్దాం సాబ్" అన్నాను.

"తఖ్తాను ముక్కలు చేస్తరా అమ్మా? రేపు ఒక ముక్క పోతే జవాబెవరు చెప్పాలె?" (పట్టికను ఆయన తఖ్తా అనేవాడు.)

పోనీ, ఆ డబ్బా తీసేద్దామంటే నా వైపు జాలిగా చూశాడు. "అది సంతకానికి జాగా! కింద నా సంతకం, మొహరు ముద్ర లేకుంటే గా తఖ్తాను ఎవరు నమ్ముతరు?"

తెర మీద సంతకం ఎట్లా పెడతారని అడిగే ఓపిక కూడా నాకు మిగల్లేదు. "మరి మా ఊరు?" అన్నాను నీరసంగా.

"నోటితోటి చెప్త. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మీటింగునాడు గోడకు తెల్ల దుప్పటి కట్టారు. సాబ్ ఇస్త్రీ చొక్కా జేబులో పెన్నుతో తయారు. పెద్దసారు ఒక్కో ఊరూ చదువుతూ, రాయించుకుంటూ కిందికొచ్చి, "అంతేనా?" అన్నాడు. పెద్దవాళ్ళ ముందు సాబ్‌కు నోరు పెగలదు. "అంతే సార్" అనేశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను. "ఆగుండ్రి సార్, ఇంకో ఊరున్నది!" అని అరిచి, ఆ తెల్ల డబ్బాను అందరి ముందే చెరిపేశాను. మా ఊరి పేరు బయటపడింది. "అరే, నా జాగా!" అంటూ సాబ్ పెన్ను పట్టుకుని దుప్పటి దాకా ఉరికాడు. హాలంతా గొల్లున నవ్వింది. పెద్దసారు నవ్వాపుకుంటూ, "ఈ ఊరిని కూడా రాసుకోండి" అన్నాడు. (సాబ్ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నా ఉద్యోగం మాత్రం పోలేదు.)

ట్యాంకరు వచ్చాక ఊరికి పోయాను. ఏం చేస్తే వచ్చిందని అమ్మ అడిగింది.

"అడ్డమున్న డబ్బా చెరిపేసిన, గంతే."

"గంతేనా? గా పనేదో ముందుగాల్నే చేస్తే ఏంబోయె బిడ్డా, నా మెడలు ఇరిగినయ్!"

ఇప్పుడు నేనే సూపరింటెండెంటును. ఏది చెరపాలన్నా పైవాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నాకే చెరుపుతాను. అప్పుడు నేనైన ఆ పిల్ల తెగువ తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ఈర్ష్య కూడా కలుగుతుంది.