మావాడు చూస్తాడా?

మా ఆఫీసులో క్లయింటుకు ఎవరు మెయిలు రాసినా, ముందు నాకు చూపించి పంపుతారు. 'సీ' అంటే కంటపడటం, 'లుక్' అంటే కావాలని అటు తిరిగి చూడటం, 'వాచ్' అంటే కదిలేదాన్ని వదలకుండా చూడటం, 'స్టేర్' అంటే గుడ్లప్పగించడం అని కొత్తవాళ్లకు క్లాసు కూడా పీకుతుంటాను. ఆ ఇంగ్లిషంటే నాకు కాస్త పొగరే.

అలాంటిదాన్ని, కొండాపూర్‌లో పిల్లల డాక్టరమ్మ మావాణ్ణి చూపించి "డస్ హీ లుక్ ఎట్ యూ?" అనగానే, "చూస్తాడండీ" అనేశాను. రెండేళ్లు దాటినా మాటలు రాలేదని, పిలిస్తే తిరగట్లేదని వాణ్ణి తీసుకెళ్లాం. పక్కనుంచి అత్తయ్య అందుకున్నారు.

"చూడకేమండీ! ఫోనులో బొమ్మలు పెడితే కన్నార్పడు. వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి."

"అది వాచింగ్ అమ్మా. ఇగో, ఇప్పుడు ఫ్యాన్ దిక్కు గట్ల చూసుడు స్టేరింగ్. నేనడిగేది మీ మొహం చూస్తడా అని."

తాతకు దగ్గులు నేర్పుతోందని నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆమె అదేం పట్టించుకోలేదు.

"తినిపించేటప్పుడు ఫోన్ బంద్ చేయండి. ముద్ద పట్టుకొని జర ఆగండి. మీ దిక్కు చూసినంకనే పెట్టండి. వారమైనంక రండి."

మా అపార్ట్‌మెంట్లో ఏ ఇంట్లోనైనా పిల్లల భోజనం ఒక్కటే తీరు. నీళ్ల చెంబుకు ఫోను ఆనించి, తెరిచిన నోట్లో ముద్ద పెట్టేయడమే. నేను చెంబు ఉంచి ఫోను తీసేశాను. వాడు కిందపడి దొర్లాడు. "అన్నం దగ్గర ఏడిపించకూడదమ్మా" అంటూ అత్తయ్య చుట్టూ తిరిగారు.

పప్పన్నం ముద్ద నా మొహం పక్కన పట్టుకుని కూర్చున్నాను. ఏడుపు ఆపి ముద్ద వైపు చూశాడు, తర్వాత చెంబు వైపు చూశాడు. మధ్యలో వాడి కళ్లు నా మొహం మీదుగా, గోడ మీదుగా వెళ్లినట్టే వెళ్లిపోయాయి. బుజ్జగించాను, చిటికెలు వేశాను. నేను వాడి కంటపడుతున్నాను, అంతే. ముద్ద చేతిలోనే ఎండిపోయింది. నాకు భయమేసింది.

"ఇవాళ చూశాడా?" అని మా ఆయన రోజూ ఆఫీసు నుంచి ఫోను చేసేవాడు. "కొంచెం" అనేదాన్ని. వెంటనే ఫోను పెట్టేసేదాన్ని.

వారం తర్వాత డాక్టరమ్మ మళ్లీ అదే అడిగింది, ఈసారి తెలుగులో. అత్తయ్య "చూస్తా..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. కొంగుతో వాడి మూతి తుడవడం మొదలుపెట్టారు. మా ఆయన తల వంచుకున్నాడు.

"లేదండీ" అన్నాను. "మావాడు నన్ను చూడడు."

పైకి అనడం అదే మొదటిసారి. అనగానే ఏడుపొచ్చింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మంచిగ చెప్పిన్రు. ఇగ పని షురూ చేద్దాం."

వాడు నా ఒళ్లోనే కూర్చుని, ఆమె బల్ల మీద తిరుగుతున్న ఫ్యాన్ చూస్తున్నాడు.